ఓబుళమ్మ తొలికొరుకు

1. చెరకు మోకాలెత్తు

ఎర్రమిట్టలో పళ్ళ డాక్టరును నేనొక్కదాన్నే. అంగారక గ్రహం మొత్తమ్మీద నాకంటే బాగా పన్ను పీకేవాళ్ళు లేరని గొప్పగా చెప్పుకుంటాను. ఇక్కడ ఇంకో పళ్ళ డాక్టరే లేడు కాబట్టి కాదనేవాళ్ళూ లేరు. ఆసుపత్రి చిట్టా రోజూ రాయాలని రూలు. నాకు రాయదగ్గ పని పడినప్పుడే రాస్తాను. తేదీకి బదులు చెరకు ఎత్తు వేస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య ఊరందరి లెక్కా అదే. పెళ్ళెప్పుడని అడిగితే "చెరకు నడుమెత్తుకొచ్చినాక" అంటున్నారు.

ఆ చెరకు పెట్టిన ఓబుళమ్మ ఈ రోజు నా దగ్గరికి వచ్చింది. మూడో గుమ్మటంలోని మడి ఆమెది. అందరూ నాచు పెంచుకుంటూ కూర్చుంటే, ఈ ఎర్రమట్టిని కడిగి కడిగి, విషం పోగొట్టి, అందులో చెరకు మొలిపించిన మనిషి. గాలితలుపు దగ్గర కాళ్ళు కూడా దులుపుకోకుండా లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

"చూడు పాపా. కింద ఉండాయి, పైన ఒక్కటీ లేదు. నాకు పండ్లు కావల్ల. చెరకు కోతకొచ్చే లోపల కావల్ల."

"తొలికొరుకు కోసమా అవ్వా?"

"మల్ల దేనికి? నీ నాచుముద్ద తినేదానికి పండ్లేంటికి?"

తొలికొరుకు మా ఊరి కట్టుబాటు. కొత్త పంట ఏది వచ్చినా, దాన్ని పెట్టిన మనిషే అందరి ముందూ పచ్చిగా కొరికి, నమిలి, మింగి, ఎలా ఉందో చెప్పాలి. అప్పటిదాకా ఇంకెవరూ ముట్టరు. మా అమ్మ చిన్నప్పుడు, మొదటి బంగాళాదుంపల పంటను ఒక ఆఫీసరు కొరికి బ్రహ్మాండమన్నాడట. పార పట్టి ఎరగని మనిషికి వాసన తేడా ఎలా తెలుస్తుంది? అవి తిన్నవాళ్ళు మంచాన పడ్డారు, కొందరు లేవనే లేదు. ఆనాటి నుంచి పండించిన నోటికే మాట. కొరకలేని మనిషి తన మడిని కొరకగలిగినవాళ్ళకు అప్పగించాలి. తర్వాత మడీ వాళ్ళదే, మాటా వాళ్ళదే.

అంటే ఓబుళమ్మ అడుగుతున్నది పళ్ళు కాదు. తన మడి. అది నాకు అర్థమైంది గనుక "చూద్దాంలే" అనకుండా వెంటనే స్కానుకు పడుకోబెట్టాను.

2. చెరకు మోకాలు దాటింది

స్కాన్ చూసి నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఈ గ్రహం మీదే అనుకోండి. ఇక్కడ ఒంటి బరువు సగం కూడా ఉండదు. బరువు మోసే పని లేక ఎముకలు కరుగుతాయి. పైగా మేం తినేది మెత్తటి నాచుముద్ద. కింది దవడ గట్టిది, ఓర్చుకుంటుంది. పై దవడ పుట్టుకతోనే గుల్ల. దాని మీద, ముక్కుకు అటూ ఇటూ సైనస్ అనే ఖాళీ గదులుంటాయి. పళ్ళు ఊడిపోతే ఆ గదుల అడుగు కిందికి దిగుతుంది, ఎముక పైపైకి కరుగుతుంది. ఓబుళమ్మకు ఆ రెండింటి మధ్య మిగిలింది గుడ్డు పెంకంత.

ఈ రోజు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాను.

"మామూలు పండ్ల సెట్టు పెట్టరాదా?" అంది.

"పెట్టొచ్చు. దాన్ని పట్టుకునేదానికి నీ చిగుళ్ళ కింద గట్టు లేదు. చెరకు కొరికితే సెట్టు చెరక్కే ఉండిపోతాది."

ఓబుళమ్మ బోసి చిగుళ్ళతో నవ్వింది. నేనూ నవ్వాను.

"తుంటి ఎముక కొంచెం తీసి దవడకు అతికేది ఇంకొకటుంది. అది అతుక్కునేదానికి అర సంవత్సరం. దాంట్లో మరలు బిగించి, అవి కుదురుకునేదానికి ఇంకా నాలుగైదు నెలలు. అయినా నీ తుంటిలో తీసేదానికి ఏముండాది? ఆడా పెంకే."

"వద్దులే. ఇంకా?"

"సైనస్ గది అడుగును పైకి లేపి, దాని కింద ఎముక పొడి నింపేది. దానికీ అంతే కాలం. పైగా ఆ పొడి పట్టుకునేదానికి నీ సొంత ఎముక కొంచెమన్నా ఉండల్ల."

"అంతవరకూ చెరకు నిలబడదు. ఎండిపోతాది."

"అందుకే ఆఖరిది చెప్తా." నేను ఒక మరను ఆమె అరచేతిలో పెట్టాను. చిటికెన వేలంత పొడవుంటుంది. "ఇది ఇంప్లాంటు. మామూలువి దీంట్లో నాలుగో వంతు ఉంటాయి. దవడను నమ్ముకోకుండా, చిగుళ్ళ దగ్గర మొదలై, సైనస్ పక్కగా పైకిపోయి, చెంప ఎముకలో కూర్చుంటాది. చెంపకు రెండు లెక్కన నాలుగు. వాటి మీద పై వరస మొత్తం నిలబడతాది. రెండు మూడు రోజుల్లో నోట్లో పండ్లుంటాయి. గట్టివి కొరికేదానికి మాత్రం నాలుగు నెలలు ఆగల్ల."

ఆమె మరను అటూ ఇటూ తిప్పి చూసింది.

"కంటి దగ్గరికి పోతాది గదే ఇది."

"పోతాది. దారి తప్పితే కంటికి ముప్పు. సైనస్‌లో చీము పట్టొచ్చు. చెంప ఎముక గుల్లగా ఉంటే మర నిలబడదు, ఉన్నది కూడా చెడిపోతాది."

"నువ్వెంతమందికి చేసినావు?"

"ఒక్కరికి కూడా చేయలేదు."

"మంచిది. చేసినానని అబద్ధం చెప్పింటే లేచి పోయింటి. ఎప్పుడు చేస్తావు?"

3. చెరకు నడుమెత్తు

భూమి మీద ఈ పని చేసే నిపుణురాలొకామె ఉంది. నేను ఒక ప్రశ్న అడిగి, టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి పెట్టాక ఆమె జవాబు వస్తుంది. కత్తి చేతిలో ఉన్నప్పుడు అలాంటి సలహా అక్కరకు రాదు. అందుకే ముందే నేర్చుకుంటున్నాను. మా యంత్రాలు చూసే మద్దిలేటి, ఓబుళమ్మ స్కానును బట్టి పుర్రెలు ముద్రించి ఇస్తున్నాడు, నేను వాటికి తొలుస్తున్నాను. మొదటి పుర్రెకు మర కంట్లోంచి బయటికొచ్చింది. మద్దిలేటి దాన్ని పట్టుకుని "ఓబుళవ్వకు చెప్పమంటావా?" అని ఒకటే నవ్వు. ఇప్పుడు వరసగా అన్నీ చెంపలోనే దిగుతున్నాయి. నా చేతిని చూసుకుంటే నాకే ముచ్చటగా ఉంది.

మధ్యాహ్నం ఛైర్మన్ ఎర్రిస్వామి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఊరు ఎప్పుడూ సంతోషంగా కనిపించాలని ఆయన తాపత్రయం.

"డాక్టరమ్మా, ఓబుళక్కకు ఏంటికి ఈ వయసులో కోతలు? కొరకలేదని మీటింగులో నువ్వొక్క మాట చెప్పు చాలు. ఆ మడి నేను తీసుకుంటా, ఆ రోజు నేను కొరుకుతా. ఆ యమ్మకు దండేసి, ముందర కుర్చీ వేసి కూర్చోబెడదాం."

"నువ్వు కొరికి ఏం చెప్తావు అన్నా?"

"ఏం చెప్తారు? తియ్యగా ఉండాదని చెప్తా. ఆ రోజు భూమ్మీద కోట్ల మంది చూస్తాంటారు. పిల్లోళ్ళు తీపికి ఎదురుచూస్తాండారు. అంతే గదా!"

కొరకకముందే రుచి చెప్పేస్తున్న మనిషి, తనకు మడి అప్పగించమంటున్నాడు. కొరకగలదో లేదో ఆ రోజు ఆమె నోరే చెబుతుందని చెప్పి పంపించాను. ఇంకా గట్టిగా అనాల్సింది.

4. చెరకు నడుము దాటింది

ఈ రోజు ఆపరేషన్ చేయాల్సింది. ఆపేశాను.

ఎముక గట్టిదనాన్ని మా స్కాన్ యంత్రం రంగుల్లో చూపిస్తుంది. గట్టిదైతే ఆకుపచ్చ, సందేహమైతే పసుపు, గుల్లయితే ఎరుపు. ఓబుళమ్మ చెంప ఎముక నిండు ఆకుపచ్చ. దాన్ని చూసే నేను ఇంత ధైర్యంగా ఉన్నాను. పొద్దున్నే పరికరాలు ఉడకబెడుతూ, ఊళ్ళో ఇంకెవరికి ఇలా చేయొచ్చో చూద్దామని పాత స్కాన్లు తిరగేశాను. అందరికీ ఆకుపచ్చే. తుంటి, వెన్ను, మణికట్టు, అన్నీ ఆకుపచ్చే. ఆ మధ్య నీళ్ళ డబ్బా ఎత్తి మణికట్టు విరగ్గొట్టుకున్న మద్దిలేటికి కూడా ఆకుపచ్చే. గుడ్డు పెంకంత ఉన్న ఓబుళమ్మ తుంటికి కూడా ఆకుపచ్చే. దాన్ని నేను కంటితో చూసి గుల్ల అన్నానే తప్ప, రంగు పట్టించుకోలేదు.

మద్దిలేటిని పిలిచి ఇదేంటని అడిగాను.

"ఓ, అదా? శానా ఏండ్ల కిందట ఊరి కమిటీవాళ్ళు మార్పించినారమ్మా. భూమి లెక్కన పెడితే ఊరంతా ఎర్రగా వస్తాండె. స్కాన్ తీపిచ్చుకోని అందరూ ఏడ్చుకుంటా పోతాండ్రి. మన ఊరోళ్ళకు మన ఊరి లెక్కే మామూలు గదా అని, మన సగటును ఆకుపచ్చ చేసినారు. ఆ పొద్దు ఊరంతా పండగ చేసుకున్నారంట."

నా నోటికి చాలానే వచ్చింది, అదంతా ఇక్కడ రాయను. ఎముకలు కరిగిపోతుంటే కొలబద్దను కత్తిరించి పండగ చేసుకున్న ఊరు విశ్వం మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది. ఓబుళమ్మ చెంప నిజంగా గట్టిదో, లేక మా ఊరి లెక్కన గట్టిదో నాకిప్పుడు తెలియదు. గుల్ల ఎముకలో చిటికెన వేలంత మర దింపితే, చెరకు కాదు గదా, నాచుముద్ద కూడా ఆమె సరిగ్గా తినలేదు.

లెక్కను భూమి కొలతకు మార్చమని మద్దిలేటికి చెప్పాను. ఛైర్మన్ని అడగాలేమో అని నసిగాడు. నోరు తెరిపించేది నేనూ, జవాబు చెప్పుకోవాల్సింది నేనూ అయినప్పుడు ఇంకెవరినీ అడగక్కర్లేదన్నాను. మార్చాడు.

మొదట నా స్కానే చూసుకున్నాను. ఎరుపు. తర్వాత మద్దిలేటిది, ఎరుపు. ఎర్రిస్వామిది ఎరుపు, ఆయన మోకాళ్ళయితే మరీను. ఓబుళమ్మ తుంటి, వెన్ను, పై దవడ, అన్నీ ఎరుపు. చివరికి చెంప దగ్గరికి జరిపాను.

ఆకుపచ్చ. రెండు చెంపలూ. భూమి లెక్కన కూడా ఆకుపచ్చ.

యంత్రాన్ని మూడుసార్లు ఆపి మళ్ళీ పెట్టించాను. మద్దిలేటి విసుక్కున్నాడు. అదే రంగు. అప్పుడు ఓబుళమ్మను పిలిపించి అడిగాను.

"అవ్వా, రోజంతా నోట్లో ఏం నములుతావు నువ్వు?"

ఆమె దొరికిపోయినదానిలా చూసింది. "నువ్వు తిడతావని చెప్పలేదు పాపా. ఎండిన జొన్నదంటు, మట్టి చూసేదానికి మడి గట్టున ఏస్తాంటా. చిగుళ్ళతోనే నములుతా. నోరాడకపోతే నాకు చెయ్యాడదు. నా పండ్లు పోయింది దాంతోనేనా?"

దాంతోనే. పీచు నమిలి నమిలి ఉన్న కాస్త పై దవడనూ అరగదీసుకుంది. కానీ నమిలే కండరం కట్టుకుని ఉండేది చెంప ఎముకకే. ఊరంతా ముద్దలు మింగుతుంటే ఈమె ఒక్కతే రోజంతా ఆ కండరంతో ఆ ఎముకకు పని చెప్పింది. ఆమెను తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియక రెండూ చేశాను.

5. అదే ఎత్తు

చేశాను!

ఓబుళమ్మను నిద్రపుచ్చాం. నీళ్ళు పోస్తూ తొలవాలి, లేకపోతే ఎముక కాలిపోతుంది. ఇక్కడ నీళ్ళు తీరిగ్గా కిందికి జారతాయి, మద్దిలేటి పీల్చే గొట్టం పట్టుకుని వాటి వెంటపడ్డాడు. కుడి చెంపలో రెండు మరలూ చక్కగా దిగాయి. గట్టి ఎముకలో తొలుస్తున్నప్పుడు చేతికి ఒక బిగువు తెలుస్తుంది. మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నాకు తగలని బిగువు అది. దాని గురించి చదువుకున్నానంతే. ఈ రోజు తగిలింది.

ఎడమ పక్క పై మర కంటికి బాగా దగ్గర. అక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాను. వేలితో కంటి గట్టు తడుముతూ, దానికి ఇవతలగా దింపాను. బిగించే పానా చివర్లో టక్కుమని ఆగింది. నాలుగూ నిలబడ్డాయి.

బయటికొచ్చి ఎవరైనా అడుగుతారేమోనని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. నేనే పోయి కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. భూమి మీది నిపుణురాలికి చిత్రాలు పంపితే "ఇది నా చేత్తో చేసినట్టే ఉంది" అని జవాబు పంపింది. ఆమెకంటే నాదే బాగుందని నా అభిప్రాయం. దాన్ని ఆమెకు పంపలేదు.

6. చెరకు నిలువెత్తు

ఓబుళమ్మకు పై వరస బిగించి చాలా కాలమైంది. కుట్లు మానాయి, సైనస్ శుభ్రంగా ఉంది. అద్దంలో చూసుకుని "ఎవురీమె, కోడలి మాదిరి ఉండాది!" అంది. ఎముక మరలను పూర్తిగా పట్టుకునేదాకా నాచుముద్ద తప్ప ఇంకేమీ వద్దన్నాను. జొన్నదంటు మడిలో కనిపిస్తే పళ్ళు విప్పి తీసుకుపోతానని బెదిరించాను. జీవితంలో నాచుముద్దను అంతగా తిట్టిన మనిషి, నోరు మూసుకుని అదే తింటోంది.

ఊళ్ళో మాత్రం గొడవగా ఉంది. స్కాన్లు ఎర్రబడ్డాయని తెలిసి జనం ఆసుపత్రికి వచ్చి నా మీద అరిచి పోతున్నారు. నేనే ఎముకలు కరిగించినట్టు! ఎర్రిస్వామి వచ్చి, ఊరిని భయపెట్టి నువ్వేం బావుకున్నావని అడిగాడు. నీ మోకాళ్ళకు రోజూ బరువులు కట్టుకుని నడువు, లేకపోతే మెట్లెక్కలేవని చెప్పాను. అలిగి వెళ్ళాడు. కానీ నిన్న ఆయన కాళ్ళకు ఇసుక సంచులు చూశాను.

తొలికొరుకు రోజు ఖాయం చేశారు. భూమితో ప్రసారానికి కుదిరే రోజు చూసి ఆయనే పెట్టాడు. ఓబుళమ్మను అడగలేదు.

"చెరకు పక్వానికి వచ్చిందా అవ్వా?" అని అడిగాను.

"కొరకందే ఎట్ల చెప్పేది?" అంది.

నిన్న ఆఖరి స్కాన్ తీశాను. నాలుగు మరల చుట్టూ ఎముక గట్టిగా అల్లుకుంది. రోజూ చెరకు నమలొద్దు గానీ ఆ రోజు ఒక్క కొరుకు కొరకొచ్చని అనుమతిచ్చాను. అన్నానేగాని, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

7. తొలికొరుకు

మూడో గుమ్మటం నిండా జనం. కెమెరాలు పెట్టారు. పిల్లలు ముందు వరసలో గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. ఎర్రిస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా నేల గొప్పదనం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఓబుళమ్మ మడిలోకి పోయి, చెరకు గెడలన్నీ తట్టి చూసి, ఒకదాన్ని నరుక్కొచ్చింది. చిన్న ముక్కలు చేసి పెడతామని ఎవరో అంటే వినలేదు.

గెడను అడ్డంగా పట్టుకుని, ముందు పళ్ళతో పట్టి, తల వెనక్కి లాగింది. చెక్కు పరపరా చీలింది. ఎర్రమిట్టలో పుట్టిన పిల్లలు ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. ఒక పిల్ల చెవులు మూసుకుంది. నేను పిడికిళ్ళు బిగించి ఆమె చెంపల కేసే చూస్తున్నాను. పై వరస కదల్లేదు, వంగలేదు, ఆమె ముఖంలో నొప్పి లేదు. లోపలి కండ కొరికి నమలసాగింది. నేను ఏడ్చేశాను. ఏడిస్తే ఏడ్చానులే, అంత పని చేసినదాన్ని.

చాలాసేపు నమిలింది. రసం మింగింది. పిప్పిని అరచేతిలోకి ఊసి వేళ్ళతో నలిపి చూసింది.

"చప్పగా ఉండాది," అంది. "విషం లేదు, భయం లేదు. కానీ నీళ్ళే. తీపి ఎక్కలేదు. ఇంకా నెల ఆగల్ల."

ఎర్రిస్వామి కెమెరా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు.

"ఓబుళక్కా, కొత్త పండ్లు గదా, రుచి తెల్దేమో. ఇంకొకసారి చూడు. ఎంతమంది చూస్తాండారో తెల్సునా? తియ్యగుండాదని ఒక్క మాట అను, పొయ్యేదేముండాది?"

ఆమె మిగిలిన గెడను ఆయన చేతిలో పెట్టింది. "కొరుకు నాయనా. నీకు సొంత పండ్లుండాయి గదా."

పెట్టిన మనిషి కొరికాక ఇంకెవరైనా కొరకొచ్చు. కాదనలేకపోయాడు. కష్టపడి చెక్కు తీసి కొరికాడు, నమిలాడు. అందరూ ఆయన నోటినే చూస్తున్నారు. ఆయన పిల్లల వైపు, వాళ్ళ గిన్నెల వైపు చూశాడు. చివరికి తల దించుకుని, "నీళ్ళే," అన్నాడు.

"అట్ల చెప్పు," అంది ఓబుళమ్మ. ఆమె గొంతు గుమ్మటమంతా వినిపించింది. "బాగుండాదని చెప్పేదానికి ఎవురైనా చెప్తారు. నేను పెట్టిన చెరకు బాగలేదని చెప్పేదానికే నాకు పండ్లు కావల్సొచ్చింది. మడికి ఈ పొద్దుటి నుంచి నీళ్ళు ఆపండి. నీళ్ళు ఆపితే తీపి ఎక్కుతాది. నెల తర్వాత మల్లా కొరుకుతా. అప్పుడూ చప్పగుంటే అప్పుడూ చప్పగుండాదనే చెప్తా."

ముందు వరసలోని పిల్ల గిన్నె కింద పెట్టి చప్పట్లు కొట్టింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కొట్టారు, చివరికి ఎర్రిస్వామి కూడా. తియ్యగా ఉందని విని ఉంటే అంత గట్టిగా కొట్టేవాళ్ళు కాదేమో.

ఓబుళమ్మ అప్పటికే నీళ్ళ గొట్టం వైపు నడుస్తోంది, నోట్లో ఇంకో ముక్క పెట్టుకుని. ఒక్క కొరుకుకే అనుమతిచ్చానని వెనకనుంచి అరిచాను.

"నా పండ్లు, నా చెరకు," అంది వెనక్కి తిరక్కుండానే. "నువ్వు చేసిన పని మీద నీకు నమ్మకం లేదా ఏంది పాపా?"

ఉంది. అందుకే ఆ ముక్కను లాక్కోలేదు.